పైనుంచి పడేదంతా ప్రసాదం కాదు

 

మొన్నటి వీడియో చూసి అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి మెసేజ్ పెట్టాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి అలాస్కాలోని హోమర్ అనే ఊరికి వెళ్లాడట. హాలిబట్ చేపల వేటకి పేరుపడ్డ ఊరది. డబ్బు కడితే కెప్టెన్ పడవలో చల్లటి సముద్రంలోకి తీసుకెళ్లి, గాలం చేతికిచ్చి, ఎలా పట్టాలో పక్కనుండి చూపిస్తాడు.

"గురువుగారూ, మాది గోదావరి జిల్లా. పులస తినే ఇల్లే. చేప నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు నా గాలానికి నా నడుమెత్తు చేప పడింది. అందరం కేకలు పెట్టాం, సెల్ఫీలు దిగాం. అది డెక్ మీద కొట్టుకుంటుంటే నేను నవ్వుతున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ గుడి కోనేట్లో చేపలకి నా చేత మరమరాలు వేయించేది. నేను పాపం చేశానా? ఫ్రీజర్‌లో ఇంకా ఐదారు కిలోల ముక్కలున్నాయి. తినబుద్ధి కావట్లేదు."

బాబూ, ముందు ఆ చేప సంగతి చూద్దాం. హాలిబట్ పుట్టినప్పుడు మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది, అటొక కన్ను, ఇటొక కన్ను. కొన్ని నెలల్లో ఎడమ కన్ను మెల్లగా కుడివైపుకి జరిగిపోతుంది. ఇక జీవితమంతా సముద్రం అడుగున పడుకుని రెండు కళ్లతో పైకే చూస్తుంది. ఎంత బాగుందో చూడండి! అట్టడుగున ఉన్నా చూపు పైకే.

ఆ పైనుంచే ఒకరోజు హెర్రింగ్ చేప ముక్క దిగుతుంది. వెతకలేదు, కష్టపడలేదు, నోటి దాకా వచ్చేసింది. ఇంకేం, అదృష్టమే అనిపిస్తుంది. లోపల గాలం ఉంది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో చేప ఒకటి. నాలుక రుచికి లొంగి గాలానికి చిక్కుతుంది కాబట్టి, నాలుకను గెలవమని నేర్పిందట. మనకి దిగే ఎరలు ఎన్ని! అర్ధరాత్రి ఆఫర్ నోటిఫికేషన్, అడక్కుండా ఇచ్చే లోన్, ఇంకొక్క రీల్. పైనుంచి పడేదంతా ప్రసాదం కాదండీ.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు గాలానికి పడింది చేప ఒక్కటేనా? "పెద్దది పడితే ఫొటో అదిరిపోతుంది" అన్న ఎర మీకూ పడింది. మీరూ మింగారు. ఇంట్లో చేప తిని హాయిగా పడుకునే బిడ్డకి ఆ రాత్రి నిద్ర చెడింది తిండి వల్ల కాదు, ఆ నవ్వు వల్ల.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముకునేవాడు. కౌశికుడు వచ్చి అడిగితే, తన పని ఘోరమైనదేనని తనే ఒప్పుకుంటాడు. దాచడు, గొప్పగానూ చెప్పుకోడు. కులవృత్తిగా వచ్చిన బతుకుతెరువు అది. ప్రాణం విలువ తెలిసినవాడు కాబట్టే కౌశికుడికి ధర్మం చెప్పగలిగాడు. ఆ అలాస్కాలోనే త్లింగిట్ ప్రజలు హాలిబట్ కోసం చెక్కతో గాలాలు చేసి, వాటిమీద జంతువుల రూపాలు చెక్కేవారు. వాళ్లకీ అది ఆకలి తీర్చే పనే, ఆట కాదు. ఆకలికి పట్టడం వేరు, ఫొటోకి పట్టడం వేరు.

మరి ఇప్పుడేం చేయాలి?

ఒకటి, ఫ్రీజర్‌లో ఉన్నది పారేయకండి. ఒక ప్రాణం పోయింది, అది చెత్తబుట్టలోకి పోతే రెండో తప్పు. తినే స్నేహితుల్ని పిలిచి వండిపెట్టండి. మీకు మనసొప్పకపోతే మీరు తినకండి.

రెండు, మళ్లీ వెళ్తే, పడవ ఎక్కకముందే ఎంత తింటారో లెక్క వేసుకోండి. అక్కడ ఒకరు ఎన్ని పట్టాలో ప్రభుత్వ నియమాలున్నాయి. మీ నియమం దానికంటే తక్కువే ఉండాలి. బాగా పెద్ద హాలిబట్‌లు దాదాపు అన్నీ ఆడవే, లక్షల గుడ్లు పెట్టేవి. అలాంటిది పడితే నీళ్లలోకి వదిలేయమనండి. అయితే సరదాకి పట్టి వదలడం కూడా హింస కాదనలేం. వెళ్లబుద్ధి కాకపోతే మానేయండి, అది పిరికితనం కాదు.

మూడు, శ్రీహరి మత్స్యావతారంలో మొదట ఎలా వచ్చాడో గుర్తుచేసుకోండి. లోకాన్ని కాపాడబోయే స్వామి, సత్యవ్రతుడి దోసిట్లో చిన్న చేపపిల్లగా వచ్చి, "పెద్ద చేపల నుంచి నన్ను కాపాడు" అని అడిగాడు. రక్షించేవాడే రక్షణ అడిగాడండీ! ఆ మాట విని రాజు ఆ చేపపిల్లని కమండలంలో పెట్టి తెచ్చుకున్నాడు.

మీకు నిద్ర పట్టలేదంటే ఆ చేపపిల్ల మాట ఆ రాత్రి మీకూ వినిపించిందన్నమాట. నాయనమ్మ వేయించిన మరమరాలు వృథా కాలేదు. ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఆ కోనేటి దగ్గరికి వెళ్లి గుప్పెడు వేయండి. ఫొటో మాత్రం తీయకండి.

మీరు ఈమధ్య మింగిన ఎర ఏమిటో ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. వచ్చే వారం కలుద్దాం.

శుభం భూయాత్. జై శ్రీమన్నారాయణ.