నిదానం చేసే పని

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఇంకా నిలిచి ఉన్న పాత పెంకుటిళ్లలో ఏదో ఒకదాని వాకిట్లో కాసేపు ఆగి కిందికి చూడండి. మెట్టు గ్రానైటు. లోపల నేలంతా షాబాదు బండలు. దేవుడి గూట్లో చిన్న పాలరాతి పలక. భూవిజ్ఞాన శాస్త్రం మొదటి పాఠాల్లో వచ్చే మూడు రకాల శిలలు పది అడుగుల మేరలో వరసగా కనిపిస్తాయి. కరిగిన రాతిద్రవం భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారితే గ్రానైటు. అది అగ్నిశిల. నీటి అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే షాబాదు బండ. అది అవక్షేపశిల. అలాంటి సున్నపురాయే వేడికీ ఒత్తిడికీ లోనై లోపలి స్ఫటికాల అమరికంతా మార్చుకుంటే పాలరాయి. అది రూపాంతర శిల.

ఉద్యోగ బాధ్యతలు తీరాక నేను ఈ పాఠాలు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ పుస్తకం చెబుతున్నది నా గల్లీ గురించేనన్న ఎరుక బలపడింది. నిజాం సికందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాద్ వెలిసింది. కంటోన్మెంట్‌లోని సిపాయిల పటాలాలకు సరుకులు అమ్మేవారు స్థిరపడిన బజారు మాది. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు మార్గం ఇక్కడికి చేరింది. షాబాదు రాతి గనులు వాడి జంక్షన్ దగ్గర, తాండూరు గనులు ఆ మార్గం వెంబడే ఉన్నాయి. మనుషుల లెక్కలో ఇది పాత పేట. కానీ ఆ ఇళ్ల నేల మీద పరిచిన బండల వయసు వేరు. సున్నపురాయి గవ్వలూ చిప్పలూ పేరుకుని ఏర్పడుతుందని సాధారణంగా చదువుకుంటాం. షాబాదు బండల్లో ఎంత వెతికినా గవ్వ కనిపించదు. ఆ బురద అడుగున చేరిన లోతులేని సముద్రంలో గవ్వ కట్టుకునే ప్రాణి ఇంకా పుట్టనే లేదు.

ప్రాథమిక పాఠాలు సులువైనవని మనకొక అభిప్రాయం ఉంది. ఆ పాఠాల్లోని మాటలు సులువైనవే. అవి ఒప్పుకోమనే విషయమే కష్టం. గ్రానైటు గురించి ప్రతి పుస్తకంలోనూ ఉండే వాక్యం చూడండి: ఈ రాయి భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లారుతుంది. పింక్ ఫెల్డ్‌స్పార్, బూడిద రంగు క్వార్ట్జ్, నల్లని అభ్రకం కంటికి కనిపించేంత పెద్ద గింజలుగా ఎదిగాయంటే అవి చల్లారడానికి చాలాకాలం పట్టిందని అర్థం. సరే. మరి అంత లోతున పుట్టిన రాయి మౌలాలి గుట్టగా మన కళ్లెదుట ఎందుకు నిలబడింది? దాని మీదున్న కిలోమీటర్ల మందం రాయి ఏమైంది?

ఎవరూ తవ్వి పోయలేదు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, వాన తడికి నాని, పగుళ్ల వెంట నీరు దిగి అది పొడి అయింది. గాలి నుంచి, నేల నుంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు స్వల్పమైన ఆమ్లం. అది ఫెల్డ్‌స్పార్‌ను తాకినప్పుడల్లా కొంచెం కొంచెంగా బంకమట్టిగా మారుస్తుంది. క్వార్ట్జ్ లొంగదు, ఇసుకగా మిగులుతుంది. రాతి దిమ్మెకు మూలల్లో రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి మూలలు ముందు అరుగుతాయి, దిమ్మె గుండ్రమవుతుంది. చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక గుండు మీద గుండు పేర్చినట్టు మిగులుతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ చుట్టూ కనిపించే గుండ్లన్నీ ఇలా మిగిలినవే.

కాగితం మీద ఒక లెక్క వేసి చూడవచ్చు. రాయి ఏడాదికి మిల్లీమీటరులో నూరో వంతు మాత్రమే అరిగిందనుకుందాం. ఒక మనిషి జీవితకాలంలో మిల్లీమీటరు కూడా తగ్గదు. పది కోట్ల ఏళ్లలో మాత్రం కిలోమీటరు మందం మాయమవుతుంది. మన గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కొండను కరిగించడానికి వానకు కావలసినంత వ్యవధి దొరికింది.

ఇప్పుడు జరుగుతున్న మామూలు పనులే గతాన్నంతా నిర్మించాయన్న ఈ ఆలోచనను 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హటన్ ముందుకు తెచ్చాడు. చార్లెస్ లయెల్ 1830 నుంచి 1833 దాకా మూడు సంపుటాల్లో దాన్ని విస్తరించాడు. అంతకు ముందే మన ప్రాంతపు రాళ్లను పరిశీలించినవాడు హెన్రీ వెస్లీ వాయ్సీ. 1818లో విలియం లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూవిజ్ఞాన పరిశీలకుడిగా చేరి, హైదరాబాద్ రాజ్యంలో తిరిగి, 1824లో కన్నుమూశాడు. అతడు ఈ గుండ్ల మధ్య నడిచిన రోజుల్లో వాటి వయసు కొలిచే సాధనం లోకంలో ఎక్కడా లేదు. రేడియోధార్మికత బయటపడింది 1896లో.

ఆ కొలత ఆధారం కూడా చాలా చిన్నది. గ్రానైటులో జిర్కాన్ అనే ఖనిజపు గింజలు ఇసుక రేణువుకన్నా చిన్నవిగా ఉంటాయి. ఆ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. తర్వాతి కాలంలో యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం 238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసానికీ మిగిలిన యురేనియంకూ నిష్పత్తి తెలిస్తే వయసు తెలుస్తుంది. ఏ పరమాణువు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు. కోటానుకోట్ల పరమాణువులు కలిసినప్పుడు మాత్రం లెక్క తప్పదు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక్కదాని గతి ఊహకందదు, అన్నీ కలిసిన గతి నిలకడగా ఉంటుంది. మనం ఒంటరిగా చేసే పనిని పట్టించుకోకుండా వదిలేయడానికీ, నగరమంతా కలిసి చేసే పని ఫలితం తప్పించుకోలేకపోవడానికీ మధ్య ఉన్న సంబంధం ఇలాంటిదే.

ఇంత పెద్ద కాలం గురించి మాట్లాడటం మనకు కొత్త కాదు. పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునేవారు కల్పం దగ్గర మొదలుపెట్టి, మన్వంతరం, యుగం, సంవత్సరం, మాసం, తిథి దాకా దిగివస్తారు. తాము ఏ నదుల మధ్య కూర్చున్నారో కూడా చెప్పుకుంటారు. కల్పం 432 కోట్ల ఏళ్లని పురాణ గణన. భూమి వయసు 454 కోట్ల ఏళ్లని శాస్త్రం కొలత. ఈ రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయని ఒకదాంతో మరొకదాన్ని రుజువు చేయబూనడం రెంటికీ న్యాయం కాదు. ఒకటి పరంపరగా అందింది, రెండోది ప్రయోగశాలలో తేలింది. కానీ సంకల్పం చెప్పే పద్ధతిలో నాకొక గొప్ప వివేకం కనిపిస్తుంది. అది మహాకాలాన్ని తలచుకుని మనిషి అల్పుడని చెప్పి ఊరుకోదు. అంత కాలాన్నీ తెచ్చి, ఈ పూట ఈ చేత్తో చేయబోయే పని ముందు నిలబెడుతుంది. ప్రాథమిక భూవిజ్ఞానం చదివాక మనిషి చేరవలసిన చోటు కూడా అదేనని నా అభిప్రాయం. కొండల వయసు విని తన అల్పత్వానికి ముచ్చటపడేవాడికి బాధ్యతేమీ మిగలదు. కొండను అరగదీసింది చిన్న చిన్న పనులేనని తెలిసినవాడు తన చిన్న పనుల వైపు చూడక తప్పదు.

నేల కదలికల పాఠం దీన్ని మరింత గట్టిగా చెబుతుంది. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డులో ఉంది. అక్కడి జీపీఎస్ కేంద్రం ఈ కదలికను ఎడతెగకుండా నమోదు చేస్తుంది. అదే వేగంతో లెక్కిస్తే, 1874లో మొదటి రైలు వచ్చిన నాటి నుంచి 150 ఏళ్లలో సికింద్రాబాద్ స్టేషను పట్టాలతో సహా, మా బజారుతో సహా ఏడున్నర మీటర్లు జరిగింది. రైలు పెట్టె పొడవులో మూడో వంతు. ప్రయాణికులంతా దిగిపోయాక కూడా స్టేషను ప్రయాణం సాగుతూనే ఉంది.

ఈ తోపుడుకు ఉత్తరాన హిమాలయం అడ్డు. ఆ ఒత్తిడి ద్వీపకల్పమంతటా రాతిలో పేరుకుంటుంది. గట్టి నేల అనుకునే దక్కనులో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు దగ్గర కిల్లారిలో భూకంపం వచ్చి వేలమంది నిద్రలోనే ప్రాణాలు వదిలారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో నేల కదిలితే ఆ అదురు హైదరాబాద్‌కూ తెలిసింది. ప్రకృతిలో నిదానమైన పనులతో పాటు హఠాత్తు సంఘటనలూ ఉన్నాయి కదా అని ఎవరైనా అడిగితే, ఉన్నాయి. కొన్ని సెకన్ల ఆ విధ్వంసానికి కావలసిన శక్తి మాత్రం ఎన్నో ఏళ్లుగా సెంటీమీటర్ల లెక్కన చేరింది. మనం హఠాత్తు అని పిలిచేది చాలాసార్లు, మనం గమనించకుండా పేరుకున్నది బయటపడే రోజు.

నీటి విషయానికి వస్తే ఈ లెక్క నేరుగా ఇంట్లోకి వస్తుంది. సికింద్రాబాద్‌లో ఎక్కడ కొత్త భవనానికి పునాది తవ్వినా పాఠ్యపుస్తకంలోని బొమ్మ కనిపిస్తుంది. పైన పోసిన మట్టి, దాని కింద ఎర్రమట్టి, తర్వాత మొరం, ఇంకా కింద పగుళ్లున్న రాయి, చివరకు గట్టి బండ. చెక్కుచెదరని గ్రానైటులో నీరు నిలవడానికి చోటు లేదు. నీరుండేది మొరంలో, పగుళ్లలో. అంటే లక్షల ఏళ్ల పాటు వాన రాతిని కొరికి తయారుచేసిన సందుల్లోనే మన భూగర్భజలం దాగి ఉంది. ఆ సందులు నిండాలంటే వాన కురవాలి, నేల తెరిచి ఉండాలి, నీరు దిగే తీరిక దానికుండాలి. వాకిలంతా సిమెంటు చేసి, ఇంటికో బోరు దింపి, ఎండాకాలం రాగానే ఇంకో వంద అడుగులు దింపితే, కొత్త నీరు పుట్టదు. పైనున్న నిల్వ అయిపోయిందని మాత్రమే తెలుస్తుంది.

నిదానం ఎంత కఠినమైనదో నల్లగొండ జిల్లా చెప్పింది. అక్కడి గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి కరుగుతుంది. ఆ నీటికి రంగు ఉండదు, వాసన ఉండదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించితే తాగడానికి పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగిన పల్లెల్లో పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దల నడుములు వంగిపోయాయి, నడవలేని స్థితికి చేరినవారున్నారు. రాయి నీటిలో కరగడమనే మామూలు రసాయన చర్య మనిషి ఎముక దాకా వచ్చింది. ఖనిజాల పాఠం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకునేవారు ఆ ఊళ్లను ఒకసారి చూడాలి.

అదే రసాయన చర్య మనకు మేలూ చేసింది. ఫెల్డ్‌స్పార్ బంకమట్టి కాకపోతే చెరువు అడుగున ఒండ్రు లేదు, కుమ్మరి సారె మీదికి మట్టి లేదు, ఆషాఢంలో లష్కర్ బోనాలకు తలకెత్తే మట్టికుండ లేదు. రాయి చావడం వల్లనే పంట పండుతోంది. కాబట్టి ఈ శాస్త్రం మనల్ని భయపెట్టడానికి పుట్టింది కాదు. ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే పని అని, ఎంత వేగంతో జరుగుతోందన్నదే అసలు ప్రశ్న అని అది నేర్పుతుంది.

ఆ ప్రశ్న ఇప్పుడు మన గుట్టల ముందు నిలబడి ఉంది. కోట్ల ఏళ్లు పట్టి గుండ్రమైన బండలు కంకర మిల్లులోకి ఒక పూటలో పోతున్నాయి. వాటిని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. ఇళ్లు కట్టుకోవద్దని ఎవరూ అనరు, మా గడప రాయి కూడా ఏదో గుట్ట నుంచి వచ్చిందే. అయితే అడవి నరికితే తిరిగి పెంచవచ్చు, చెరువు ఎండితే తిరిగి నింపవచ్చు. గుండును తిరిగి చేసే పద్ధతి మనిషి దగ్గర లేదు. తిరిగిరాని దాన్ని వాడేటప్పుడు మనిషి ఇంకాస్త ఆలోచించాలి.

అందుకే భూవిజ్ఞానం ప్రాథమిక పాఠాలు తెలుగులో, మన రాళ్లతో మొదలు కావాలని కోరుకుంటున్నాను. పిల్లలకు గ్రాండ్ కాన్యన్ బొమ్మ చూపే ముందు మౌలాలి గుట్ట ఎక్కించాలి. అవక్షేపశిల నిర్వచనం రాయించే ముందు షాబాదు బండ మీద కూర్చోబెట్టాలి. భూగర్భజలం అధ్యాయం చెప్పే రోజున తమ వాడకట్టులో బోర్లు ఎంత లోతున ఉన్నాయో అడిగి రమ్మనాలి. పెద్దవాళ్లకు కూడా ఈ చదువు ఆలస్యమైందేమీ కాదు. ఇది తయారు కావడానికి ఎంతకాలం పట్టింది, నేను ఎంతకాలంలో ఖర్చు చేస్తున్నాను అనే రెండు ప్రశ్నలు నీళ్ల దగ్గర, మట్టి దగ్గర, రాయి దగ్గర అడగడం అలవాటైతే చాలు. ఆ అలవాటే ఈ శాస్త్రానికి పునాది. పేర్లూ పట్టికలూ దాని మీద ఎప్పుడైనా నిలబెట్టుకోవచ్చు.