విత్తనము ఇచ్చువాని మాట



పెరటి తోటకు విత్తనము ఎవరి యొద్ద తీసికొనవలెను? ఈ ప్రశ్న మన పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. వరి విత్తనమును గూర్చియైతే మన క్యాంపులలో పెద్దలు గంటలకొద్దీ మాటలాడుదురు. ఇంటి వెనుక నాలుగు వంగ మొక్కలు, రెండు బీర పాదులు, ఒక మడి గోంగూర, ఇవి ఆడవారి పనియని విడిచిపెట్టుదురు. అయినను ఈ చిన్న విషయములో రెండు పెద్ద ప్రశ్నలున్నవి. కంటికి కనబడని దానిని ఇచ్చువాడు పుచ్చుకొనువానికి ఎంత సత్యము బాకీయున్నాడు? పుచ్చుకొనినవాడు తిరిగి ఎవరికి బాకీపడును? మాన్వి పరిసరములలో స్థిరపడిన మనము ఈ రెండింటిని ఆలోచించుట మంచిది.

విత్తనము మిగిలిన సరుకువంటిది కాదు. సంతలో వంకాయను చేతపట్టి నొక్కి చూతుము. బియ్యమును నోట వేసికొని చూతుము. విత్తనమును అట్లు చూడలేము. అది ఏ రకమో, మొలచునో లేదో, కాయ తీపో చేదో దాని ముఖము చూచి చెప్పగలవాడు లేడు. తెలియునాటికి రెండు నెలలు గడచిపోవును. డబ్బు తిరిగి వచ్చినను ఆ కారు తిరిగి రాదు. కాబట్టి విత్తనము కొనువాడు నిజముగా కొనునది గింజను మాత్రమే కాదు, ఇచ్చువాని మాటను కూడ. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనుట దేవునికి అసహ్యమని నేర్పబడినది. తూనికరాయినైనను మరియొకడు తూచి సరిచూడవచ్చును. విత్తనము విషయములో కొనువానికి ఆ అవకాశమును లేదు. అందుచేత ఇచ్చువాని బాధ్యత మరింత ఎక్కువ.

మొదట అంగడిని చూతము. 1966 విత్తనముల చట్టము ప్రకారము ప్రభుత్వము ప్రకటించిన రకముల పొట్లముమీద రకము పేరు, మొలక శాతము, పరీక్షించిన తేదీ మొదలైనవి వ్రాసి యుండవలెను. టమాట, వంగ విత్తనమునకు కనీసము 70 శాతము, బెండకు 65, మిరపకు 60 శాతము మొలక యుండవలెనని మన దేశ ధృవీకరణ ప్రమాణములు చెప్పుచున్నవి. 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు, విత్తనము కొనిన రైతు కూడ వినియోగదారుడే, నష్టపోయినయెడల వినియోగదారుల ఫోరమునకు వెళ్లవచ్చునని తీర్పు చెప్పెను. కాబట్టి చీటీ చదువుటయు, బిల్లు అడుగుటయు, ఖాళీ పొట్లమును దాచుటయు అనుమానపు గుణము కాదు. సత్యము పలుకుమని పొరుగువానిని అడుగుటయే.

అయితే న్యాయము ఇరుప్రక్కల నుండవలెను. మొలవని ప్రతి గింజకు అంగడివాడు దోషి కాడు. కాలువ చివరి నీరు మనకు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు ఆగునో తెలియదు. నల్లరేగడిలో నీరు నిలిచిన చోట గింజ కుళ్లిపోవును. రాయచూరు ఎండలలో ఏప్రిల్, మే నెలలందు టమాట పూత రాలిపోవును. మన అశ్రద్ధను అంగడివాని మీద మోపుట అబద్ధ సాక్ష్యమే. కాబట్టి నిందించుటకు ముందు, విత్తుటకు ముందు, ఇరువది గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి వారము, పదిదినములు ఉంచుడి. పండ్రెండు మొలచినయెడల అది నూటికి అరువది. ఈ చిన్న పరీక్ష మన పంటను కాపాడును, మన నాలుకను కూడ కాపాడును.

హైబ్రిడ్ విత్తనము కొనుట పాపమా అని అడుగువారున్నారు. కాదు. అది మనుష్యుని శ్రమవలన, దేవుడిచ్చిన జ్ఞానమువలన కలిగినది. అయితే హైబ్రిడ్ కాయనుండి తీసిన గింజ తల్లివలె రాదు. ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరుగా నుండును. ఏటేట కొనగలవాడు కొనవచ్చును. తన గింజను తానే దాచుకొనవలెనని కోరువాడు సాధారణ రకములనే అడిగి తీసికొనవలెను. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అనామిక బెండ అట్టి రకము. పల్లాకు తెగులును తట్టుకొనుటకు దానికి పేరున్నది. మన జిల్లాలోనే రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున్నది, హోబళీలలో రైత సంపర్క కేంద్రములున్నవి, సింధనూరు తాలూకా జవళగేరలో జాతీయ విత్తన సంస్థవారి క్షేత్రమున్నది. మనకు కావలసినది అన్నిచోట్ల దొరకకపోవచ్చును. అయినను అడుగుటకు మన కన్నడము చాలదని వెనుదీయకూడదు.

ఇప్పుడు మూడవ ద్వారమునకు వత్తము. అది పొరుగువాని ద్వారము. ఇక్కడనే మన మనస్సులను పరీక్షించుకొనవలసి యున్నది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి అనేక కుటుంబములు ఎడమగట్టు కాలువ క్రిందికి వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. వచ్చినప్పుడు చీరచెంగున గోంగూర గింజలు ముడివేసికొని వచ్చిన తల్లులున్నారు. నేటికిని పెండ్లికి వెళ్లినను, సమాధి కార్యక్రమమునకు వెళ్లినను తిరిగి వచ్చునప్పుడు ఊరి విత్తనము తెచ్చుట మనకు అలవాటు. అది మంచిదే. కాని మన గోంగూరనే ఇక్కడివారు పుండి అందురు. మనము రాకమునుపే వారు జొన్న రొట్టెతో పుండి పల్య తినుచుండిరి. మన బీర వారికి హీరే, మన వంగ వారికి బదనె. వందల మైళ్ల దూరమునుండి మనము మోసికొని వచ్చిన గింజ ప్రక్క వీధిలోనే యున్నది.

మరి ఇన్నేండ్లు ఎందుకు అడుగలేదు? అడిగినవాడు బాకీపడును గనుక. అంగడిలో డబ్బిచ్చితిమా, లెక్క తీరిపోవును. పొరుగింటి అవ్వ చేతినుండి గుప్పెడు గింజలు తీసికొంటిమా, లెక్క తీరదు. రేపు ఆమె మన గడప త్రొక్కవచ్చును, మన బావి నీరు అడుగవచ్చును, మన ప్రార్థన అడుగవచ్చును. ఈ బాకీని తప్పించుకొనుటయే స్వతంత్రమని కొందరు తలంతురు. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనుకు కొనిపోబడినవారికి ప్రవక్త పంపిన ఉత్తరమును చదువుడి. తోటలు నాటుకొని వాటి ఫలము తినుడని చెప్పిన ఆ ఉత్తరమే, ఆ పట్టణము క్షేమముగా నుండునట్లు వెదకుడని, దానికొరకు ప్రార్థించుడని కూడ చెప్పుచున్నది. తోట నాటుటయు, ఊరి క్షేమము కోరుటయు ఒకే ఉత్తరములో నున్నవి. ఊరితో లెక్కలు తీర్చుకొని ఒంటరిగా నుండువాడు ఆ ఉత్తరములో సగమే చదివినవాడు.

అయితే ఒక అభ్యంతరమున్నది, దానిని త్రోసివేయరాదు. పొరుగువాడిచ్చిన గింజకు చీటీ లేదు, పరీక్ష లేదు, బిల్లు లేదు. ఊరక వచ్చిన దానిని ప్రశ్నించుట మర్యాద కాదు. అట్లయిన అంగడియే మేలు గదా? దీనికి మా సమాధానమిది: ప్రేమతో ఇచ్చినంత మాత్రమున సత్యము చెప్పవలసిన బాధ్యత తీరదు. అమ్మువానికి చట్టమున్నది, ఊరక ఇచ్చువానికి మనస్సాక్షి యున్నది. సొర పాదును చూడుడి. తేనెటీగలు మొదలగు పురుగులు ఒక పాదు పుప్పొడిని మరియొక పాదునకు చేర్చును. అందుచేత మన సొర గింజ మన సొరవలెనే వచ్చునని నిశ్చయములేదు. చేదు సొరకాయ రుచికి మాత్రమే చెడ్డది కాదు, మనిషికి విషము. చేదుగా నున్న సొరరసము త్రాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము 2011లో హెచ్చరించెను. చేదు కాయ కాసిన పాదు గింజను తెలిసియు ఇచ్చువాడు దాతయా? కాడు. గింజ ఇచ్చునప్పుడు ఏ సంవత్సరపుదో, హైబ్రిడ్ కాయనుండి తీసినదో కాదో, మందు పూసినదో కాదో చెప్పవలెను. తెలియనియెడల తెలియదని చెప్పవలెను. ఆ ఒక్క మాట దానమునకు ముద్రవంటిది.

విత్తనము పంచుకొనుట బాప్తిస్టులకు క్రొత్త సంగతి కాదు. విలియం కేరీ 1793లో బెంగాలుకు వచ్చెను. అదే సంవత్సరమున, సామర్లకోటలో అనేక సంవత్సరములు మొక్కలను పెంచి పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లెను. తరువాత వారిరువురు స్నేహితులైరి. రాక్స్‌బర్గు చనిపోయిన పిమ్మట ఆయన వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథమును కేరీ అచ్చువేయించెను. సేరంపూరులో తోట వేసి, ఇంగ్లాండులోని స్నేహితులను విత్తనములు పంపుడని ఉత్తరములద్వారా అడిగెను, 1820లో వ్యవసాయ ఉద్యాన సమాజమును స్థాపించెను. బైబిలును అనేక భాషలలోనికి తెచ్చిన ఆ చెయ్యి విత్తనము కొరకు చాపుటకు సిగ్గుపడలేదు. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు నేటాలులోని తెలుగువారి యొద్దకు సువార్త పరిచర్యకై వెళ్లిరి. వలసవెళ్లిన తెలుగువారిని తెలుగు బాప్తిస్టులు మరచిపోలేదనుటకు అది సాక్ష్యము. మిరప, టమాటలు కూడ సముద్రములు దాటి మన దేశమునకు వచ్చినవే. నేడు వాటిని పరదేశులని ఎవరందురు?

చట్టము కూడ ఈ పంచుకొనుటకు అడ్డురాదు. 2001 మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంట విత్తనమును దాచవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. రక్షణ పొందిన రకమును బ్రాండు పేరుతో అమ్మరాదు, అంతే.

కాబట్టి మన సంఘములకు ఒక మనవి. కోత పండుగనాడు కానుకల బల్ల ప్రక్కన విత్తనముల బల్ల ఒకటి వేయుడి. స్త్రీల సమాజమువారు బాగుగా ఎండిన గింజలను కాగితపు పొట్లములలో కట్టి, పేరు, సంవత్సరము, తడిగుడ్డ పరీక్షలో ఎన్ని మొలచినవో వ్రాయవలెను. తెలుగుతోపాటు కన్నడములో కూడ వ్రాయుడి, మన పిల్లలు బడిలో నేర్చినదే గదా. ఆ బల్ల మన సభ్యులకు మాత్రమే కాక, మన పొలములలో నాట్లువేయు తల్లులకును తెరచి యుండవలెను. పెరడు లేనివారికి గుడిసెమీద ప్రాకు గుమ్మడి పాదు ఒక్కటి చాలును. పుచ్చుకొనినవారు మనకే తిరిగి ఇయ్యవలెనని కోరకుడి. మరియొకరికి ఇచ్చిన చాలును. రెండవ కొరింథీ 9వ అధ్యాయము ప్రకారము విత్తువానికి విత్తనమును దయచేయువాడు దేవుడే. కాబట్టి మనలో ఎవరును ఆ గింజకు మొదటి యజమాని కాము. అది మన చేతిగుండ పోవునప్పుడు తోడుగా సత్యమైన మాట కూడ పోవుటయే మన వంతు.

ప్రభువు మన పెరళ్లను, మన నోటి మాటను, మనము నివసించు ఈ ఊరిని ఆశీర్వదించును గాక. ఆమేన్.