గురి చూచు అద్దము



పాయకరావుపేటకును తునికిని నడుమ తాండవనది పారుచున్నది. ఈ యొడ్డు అనకాపల్లి జిల్లా, ఆ యొడ్డు కాకినాడ జిల్లా. ఎప్పుడైనను నీవు ఈ యొడ్డున నిలిచి, చేయి చాచి బొటనవ్రేలెత్తి, ఆవలనున్న ఒక చెట్టునకు సరిచూడుము. మొదట ఒక కన్ను మూయుము, తరువాత రెండవ కన్ను మూయుము. చెట్టు కదలలేదు, వ్రేలును కదలలేదు. అయినను వ్రేలు చెట్టును విడిచి ప్రక్కకు గెంతినట్లు కనబడును.

పాత తుపాకి దుర్భిణులను బాగుచేయువారు ఈ మోసమును బాగుగా ఎరుగుదురు. దుర్భిణిలో అడ్డముగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నని గీతలుండును. దూరపు వస్తువు ప్రతిబింబము సరిగా ఆ గీతలున్న చోటనే పడనియెడల, కన్ను ఇంచుక జరిగినంతనే గీతలు గురిమీదనుండి జారిపోవును.

“నా మనస్సాక్షికి తోచినట్లు చేసితిని, నాయందు తప్పేమి?” అని మనము తరచుగా అందుము. గ్రీకు క్రొత్త నిబంధనలో పాపమునకు వాడిన మాటకు మూలార్థము గురి తప్పుటయే. అయితే గురి చూపిన అద్దమే వంకరయైనప్పుడు తప్పెవనిది?

దుర్భిణిని పరీక్షించువారు ఏమి చేయుదురో వినుము. వెనుక గట్టి మట్టికట్ట యున్నచోట 100 గజముల దూరమున కాగితపు గురి నిలుపుదురు. తుపాకిని ఇసుక సంచులమీద ఆనించి, ఒకే చుక్కను చూచి కొన్ని గుండ్లు కాల్చుదురు. గుండ్లు చెల్లాచెదరుగా పడినయెడల చేతి వణకునో, వదులైన మరలనో వెదకుదురు. అన్నియు ఒక్కచోటనే, గాని గురికి ఎడముగా పడినయెడల, చేయి స్థిరమైనదే, దిద్దవలసినది దుర్భిణి. ఒక్కొక్క గుండునకు మర త్రిప్పువాడు ఎన్నటికిని గురి కుదుర్చలేడు. మనలోను ఈ రెండవ దోషమే మిక్కిలి అపాయకరము. “నేనెన్నడును మాట మార్చలేదు” అనువాడు ఎన్నడును గురి తగలనివాడై యుండవచ్చును.

మరియొక వింత కలదు. అనేక పాత దుర్భిణులలో మర త్రిప్పగా గీతలే నడిమినుండి ప్రక్కకు తొలగి కనబడును. గురి సరియాయెను, కంటికి మాత్రము వంకర! పొలముగట్టు విషయమున అన్నతో పదేండ్లు తగవులాడినవానికి, కొలతగాడు గొలుసువేసి చూపిన నిజమైన సరిహద్దు అట్లే వంకరగా తోచును. అందుచేత నేర్పరి మొదట దుర్భిణిని పట్టియుంచు దిమ్మెలను సరిచేయును. చివరి కొంచెమునకే మర త్రిప్పును. మనమును పీఠమునుండియే దిద్దుకొనవలెను.

రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటిషు సేన లీ-ఎన్ఫీల్డు తుపాకికి అమర్చిన 32వ నంబరు దుర్భిణి మూడురెట్లు పెద్దదిగా చూపెడిది. ఏ దుర్భిణి ఏ తుపాకితో సరిచూడబడెనో, ఆ నంబరు తుపాకి కొయ్యమీద వేయబడెను. ఒకని దిద్దుబాటు మరియొకనికి చెల్లదు. పొరుగువాని మనస్సాక్షిని ఎరవు తెచ్చుకొని తీర్పు తీర్చరాదు.

సముద్రపు తేమగాలికి అద్దమున బూజు పట్టును. అట్లని దుమ్మును పంచె చెంగుతో గట్టిగా రుద్దరాదు. ఇసుక రేణువు అద్దమును గీయును. మెత్తని కుంచెతో దులిపి, తరువాతనే మృదువుగా తుడువవలెను. ఇతరుల తప్పు తుడువబోవు మనకు ఈ మాట చాలును.

ఇక మన ప్రశ్నకు ఉత్తరము. అద్దము వంకరయగుట నీ తప్పు కాకపోవచ్చును. కాగితముమీద పరీక్షింపక, ప్రాణముగలదానిమీద గురి పెట్టుట నీ తప్పే. విడిచిన గుండు మరలిరాదు, నోరు జారిన మాటయు మరలిరాదు.

చదువరీ, నేడు నీవు ఎవనిమీద గురి పెట్టియున్నావు? మీట నొక్కకముందు ఒక్కసారి ఏరు దాటుము. వాని యొడ్డున నిలిచి, అదే చెట్టును మరల చూడుము.