నింద మోపడానికీ ఒక కాలం ఉంది

తప్పు చేసినవాణ్ణి విచారించి శిక్షించడం న్యాయమే. కానీ శిక్ష ఉందో లేదో చెప్పకుండా నెలల తరబడి నిలబెట్టడాన్ని ఏమనాలి? ఒక కార్మిక సోదరుడు ఈ ప్రశ్నను మా ముందుకు తెచ్చాడు.

ఆయన ఒక కర్మాగారంలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఒక రాత్రి షిఫ్టులో పర్మిట్ లేకుండా ఆవిరి వాల్వు తిప్పాడు. తోటి కూలీ చెయ్యి కాలింది. తెల్లారేసరికి తన తప్పును తానే రాసిచ్చాడు. యాజమాన్యం ఉలకలేదు, పలకలేదు. పద్నాలుగు నెలల తర్వాత, జీతాల పెంపు కోసం ఆయన సంతకాలు సేకరించిన వారంలోనే ఛార్జిషీటు చేతికొచ్చింది.

"సార్, ఆ రోజే తీసేసినా తట్టుకునేవాణ్ణి. రోజూ గేటు దాటేటప్పుడు ఇవాళ కాగితం వస్తుందేమోనని భయపడుతూ బతికాను" అన్నాడు.

ఆ రాత్రి పర్మిట్ మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఎక్కడున్నాడు? ఆ సంగతి చెప్పగల కాంట్రాక్టు కూలీలు ఇప్పుడు తలో ఊరు చేరారు. ఆలస్యం సాక్ష్యాన్ని కూడా మింగేసింది.

1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎన్. రాధాకిషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే చూసింది. అభియోగం స్వభావం ఎలాంటిదో, జాప్యానికి కారణమేమిటో రెండూ తూచాలంది. అది ప్రభుత్వోద్యోగి కేసే అయినా, అందులోని నీతి అందరిదీ.

ధమ్మం ఈ మాట ఎప్పుడో చెప్పింది. ఇతరుల దోషం ఎత్తిచూపే భిక్షువు పాటించవలసిన అయిదింటిలో మొదటిది తగిన కాలంలో మాట్లాడడం. సత్యం, మృదుత్వం, ప్రయోజనం, మైత్రి ఆ తర్వాతివి. అలాగే సంఘాదిశేష దోషాన్ని దాచిన భిక్షువు ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు పరివాసం గడపాలి. అంటే కాలం లెక్క నింద మోపేవాడికీ ఉంది, తప్పు చేసినవాడికీ ఉంది.

మరి ఆలస్యమైందని తప్పు చెల్లిపోయిందా? "లాయరు జాప్యం మీదే కొట్టేయిద్దామంటున్నాడు" అన్నాడాయన. ఆ హక్కు నీకుంది, వాడుకో అన్నాం. అయితే యజమానికి నీమీద హక్కు పోయినంత మాత్రాన, కాలిన చెయ్యికి నువ్వు పడ్డ బాకీ పోదని కూడా చెప్పాం. జవాబులో వాల్వు తిప్పిన సంగతి దాచకుండా రాశాం. పర్మిట్ అధికారి ప్రశ్ననూ, పద్నాలుగు నెలల మౌనాన్నీ అంతే గట్టిగా రాశాం.

ఇన్నాళ్లూ ఆయన ఆ తోటి కూలీ ఇంటికి వెళ్లలేదు. వెళితే నేరం ఒప్పుకున్నట్టు రాసుకుంటారని ఎవరో భయపెట్టారట. మొన్న ఆదివారం మేమూ తోడు వెళ్లాం. ఆ కూలీ మచ్చలు పడ్డ చేత్తోనే మంచినీళ్లు అందించి, "ఇన్ని రోజులూ ఎందుకు రాలేదన్నా?" అని ఒక్క మాట అడిగాడు.

కేసు ఇంకా నడుస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఏ విచారణాధికారీ ఇవ్వలేడు.