ముందెవరు, వెనకెవరు?

రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు ఎంత? బడికెళ్లే పిల్లాడైనా పద్నాలుగంటాడు. హెచ్చవేత ముందు, కూడిక తర్వాత అని మేష్టారు చెప్పారు కదా! అదే లెక్క స్మాల్‌టాక్ అనే కంప్యూటరు భాషకిచ్చి చూడండి, ఇరవై అంటుంది. దాని పద్ధతిలో హెచ్చూ తగ్గూ లేవు, ఎడమవైపునుంచి ఎవరు ముందొస్తే వాళ్లదే వంతు. అంకెలవే, గుర్తులవే. వరస మారితే ఫలితం మారిపోయింది.

అంటే ఈ ముందువెనకలు బ్రహ్మరాతలు కావన్నమాట. ఎవరో మనుషులు కూర్చుని నిర్ణయించినవే.

1970లలో డెనిస్ రిచీ 'సి' భాష తయారుచేశాడు. దానికి ముందున్న 'బి' భాషలో రెండు షరతుల్ని కలపడానికీ, బిట్లను కలపడానికీ ఒకే గుర్తు. సమానమా కాదా అని చూసే గుర్తు తర్వాతే దాని వంతు. 'సి'లో షరతుల కోసం వేరే గుర్తు వచ్చింది. పాతదాన్ని అప్పుడు పైకి జరపవలసింది. అప్పటికే రాసుకున్న ప్రోగ్రాములు చెడిపోతాయని జరపలేదు. జరిపి ఉంటే బాగుండేదని తర్వాత రిచీయే ఒప్పుకున్నాడు. ఇంతా చేసి అప్పటికి ఆ భాష వాడుతున్నది బహుశా మూడు చోట్లేనట! ఆ గుర్తు దగ్గర బ్రాకెట్లు పెట్టుకునే బాధ మాత్రం ఈనాటికీ తప్పలేదు.

మన వంటిళ్ల సంగతేమిటి? మగవాళ్లూ పిల్లలూ తిన్నాకే ఆడవాళ్లన్న వరసకు ఏ కాలంలోనో కారణం ఉండే ఉంటుంది. పొలానికి వెళ్లే మనిషి ముందు తినాలనుకున్నారేమో. ఇవాళ కోడలూ ఎనిమిదింటికే బస్సెక్కుతోంది. అయినా, "అందరికీ అలవాటైపోయింది, ఇప్పుడెందుకూ మార్చడం?" అంటాం.

అసలు వరసే వద్దనడం నా ఉద్దేశం కాదు. లిస్ప్ భాషలో వరస గొడవే లేదు గానీ, అడుగడుగునా బ్రాకెట్లే. రోజూ పొద్దున్నే ఎవరు ముందని పంచాయితీ పెట్టుకుంటే ఏ సంసారమూ సాగదు. వరస కావాలి. అది ఎందుకొచ్చిందో మరిచిపోవడమే అన్యాయం.

పుట్టినరోజునాడు కోడల్ని ముందు కూర్చోబెట్టి వడ్డిస్తే, అది బ్రాకెట్టు. ముచ్చటగానే ఉంటుంది. మర్నాటికి మళ్లీ పాత వరసే. బ్రాకెట్టు ఒకరి దయమీద ఆధారపడుతుంది. వరస మారిస్తే ఎవరి దయా అక్కర్లేదు.

మీ ఇంట్లో వరస ఎందుకలా ఉందో ఎవరినైనా అడిగి చూడండి. ఎవరికీ గుర్తులేదంటే, మార్చడానికి ముహూర్తం కుదిరినట్టే!