అనికేతుని ఆతిథ్యము

ఉప్పలు కూడలియందు తెల్లవారుజామున నిలిచి చూచువారికి పురమంతయు ఎచ్చటికో పయనమై పోవుచున్నట్లు తోచును. హనుమకొండకును యాదగిరిగుట్టకును బోవు బస్సులు ఒకదాని వెనుక నొకటి బయలుదేరుచుండును. 2017 నవంబరు నుండి నాగోలు మియాపూరుల మధ్య మెట్రో బండ్లు నడచుచున్నవి. 2025 జనవరిలో చెర్లపల్లి రైలుస్టేషను నూతన ప్రాంగణము తెరువబడిన పిదప నాచారమువారికి దూరప్రయాణము మరింత సుకరమైనది. అయినను ఈ ప్రయాణికులలో ఇంచుమించుగా నందరును సాయంకాలమునకో, పక్షము దినములకో ఇల్లు చేరుదురు. చేరుటకు ఇల్లే లేకుండ జేసికొని, కొలువు విరమించిన పిదప శేషజీవితమంతయు పయనముగా గడపుట ధర్మమా యను ప్రశ్న మా వీధిలో నొకప్పుడు పుట్టినది. దానిని మేము చదువరులతో గలసి విచారింపగోరుచున్నాము.

మేము నాచారమున ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము. మా పొరుగింటి పెద్దమనిషి అచ్చటి పరిశ్రమవాడలో నొక కర్మాగారమున ముప్పదియేండ్లు పనిచేసి, 58వ యేట విరమించిరి. ఒక్కతే కుమార్తె; ఆమె వివాహమై దూరదేశమున స్థిరపడినది. ఆయన ఇల్లు విక్రయించి, ఆ ద్రవ్యమును బ్యాంకులో నుంచి, సామాను బంధువులకు బంచి, రెండు సంచులతో భార్యాసహితులై బయలుదేరిరి. ఒక మాసము ఉడిపి, ఒక మాసము హృషీకేశము, మరియొక మాసము పూరి. వీధిలో కొందరు ముదిమి చాపల్యమనిరి, కొందరు పూర్వపుణ్యమనిరి. మా యభిప్రాయము నడిగినవారికి మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

ఇల్లు విడుచుట మనకు క్రొత్త కాదు. మేని ముడుతలును, నెరసిన వెండ్రుకలును, మనుమని ముఖమును జూచిన గృహస్థు వనమునకు బోవలెనని మనుస్మృతి విధించినది. కాని ఆలుబిడ్డలకు జీవనోపాయము గల్పింపకయే సన్న్యసించువానికి దండన విధింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము శాసించినది. ఒకరు వెళ్లుమనిరి, ఒకరు లెక్క తీర్చి వెళ్లుమనిరి. భార్యను పుత్రులకప్పగించియైనను, వెంటగొనియైనను పోవచ్చునని మనువు చెప్పెను గాని, ఆమెకేది యిష్టమో అడుగవలెనని చెప్పలేదు. మన కాలమున మొట్టమొదట అడుగవలసిన దదియే. కావున మేము ఆ యిల్లాలినే అడిగితిమి. ఆమె నవ్వి, "పంతులుగారూ! ముప్పదియైదేండ్లు పొయ్యి యెదుట నిలిచితిని. ఇప్పుడు ఎవరో వండినది కూర్చుండి తినుచున్నాను. ఆయనకు తీర్థములు కావలెను, నాకీ విశ్రాంతియే తీర్థము" అనిరి. ఇల్లు పురుషునికి విశ్రాంతిస్థానమైనంత మాత్రమున స్త్రీకిని అట్లే యుండునని మేమంతవరకు తలచియుంటిమి. ఆ తలపు ఆనాటితో తీరినది.

రెండవ యాక్షేపణ లోకవ్యవహారమునకు సంబంధించినది. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యచట్టము ఓటరుగా నమోదగుటకు ఆ నియోజకవర్గమున సాధారణముగా నివసించుచుండవలెనని చెప్పుచున్నది. ఇల్లు గలిగియున్నంత మాత్రమున నివాసియగడనియు, తాత్కాలికముగా ఎడమైనంత మాత్రమున నివాసి గాకపోడనియు వివరించుచున్నది. ఈ మాట మాకు చట్టమునకు మించిన ధర్మముగా గన్పట్టినది. ఒక యూరివాడగుటకు గోడలు చాలవు. అచ్చటి మంచిచెడ్డలలో పాలుండవలెను. పింఛను పుచ్చుకొనువాడు తాను జీవించియున్నట్లు సర్కారునకు ఏటేట ధ్రువపత్రమీయవలెను. 2014 నుండి దానిని ఎచ్చటనుండియైనను వ్రేలిముద్రతో నీయవచ్చును. కాని పొరుగువారికి అట్టి ధ్రువపత్రము చాలదు. కష్టము వచ్చినప్పుడు తలుపు తెరచినచో మనము జీవించియున్నామని వారు నమ్ముదురు.

ఈ సంగతి ఆ దంపతులకు 2020లో తెలిసివచ్చెను. మార్చి 25న దేశమంతట కట్టడి విధింపబడెను. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయెను. వలసకార్మికులు నెత్తిన మూటలతో కాలినడకను బోవుట దేశమంతయు చూచినది. కోరి ఇల్లు విడిచినవానికిని, కూటికై ఇల్లు విడిచినవానికిని ఎంత భేదమో ఆనాడు బయల్పడెను. మా పొరుగువారు ఒక చిన్న యూరి సత్రమున జిక్కుకొనిరి. సత్రము మూసివేయవలసియున్నను దాని కాపరి వీరిని వెళ్లగొట్టక, తన యింటి వంటలో వీరికిని పాలు పెట్టెను. వీరిచ్చిన సొమ్ము గది అద్దెకు సరిపోయెను. ఆ యన్నమునకు అతడు వెల పుచ్చుకొనలేదు. ఒకనాటి రాత్రి ఆ యిల్లాలు భర్తతో, "మనము ఇందరి గడపలు తొక్కితిమి. మన గడప తొక్కుట కెవరికి వీలున్నది?" అనెనట. ఆయన బదులీయలేకపోయిరి.

ఈ ప్రశ్నలోనే అసలు విచారణ యున్నదని మా నమ్మకము. ఇల్లు లేకపోవుట దోషము గాదు. ఎల్లప్పుడు అతిథిగా నుండి, ఎన్నడును ఆతిథేయుడు గాకపోవుట దోషము. లోకమున నొకడు తలుపు తెరచి నిలుచుటచేతనే మరియొకడు నిశ్చింతగా తిరుగగలుగుచున్నాడు. సొమ్ము చెల్లించితినిగదా యని ఆ ఋణమును తీర్చుకొన్నట్లు భావించుట ఆత్మవంచన.

అయినచో నిత్యప్రయాణికుడు ఆతిథ్యమెట్లు చేయగలడు? మన భాషలోనే ఒక నిదర్శనమున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసునుండి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశికి బోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిలోని మజిలీలను, వసతులను, జనుల యాచారములను ఎప్పటికప్పుడు వ్రాసియుంచిరి. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్రచరిత్ర వెనుక రాబోవువారికొక సత్రముగా నిలిచెను. ఆయనకు తిరిగి చేరుటకు ఇల్లుండెను, నిజమే. కాని తాను పొందిన సౌకర్యమును తనతోనే ముగియనీయక ఇతరులకందించుటకు ఇల్లు అక్కరలేదు గదా!

సన్న్యాసులు సైతము చాతుర్మాస్యమున ఒకచోట నిలుతురు. మా పొరుగువారును ఇప్పుడట్లే చేయుచున్నారు. వానకాలము నాలుగు నెలలు నాచారముననే రెండు గదులు అద్దెకు దీసికొని యుందురు. అచ్చటి ఈఎస్ఐ ఆసుపత్రికి రోగులవెంట వచ్చి, తలదాచుకొను చోటులేనివారికి ఆ గదులలో నొకటి విడిచియుంచుదురు. వంట ఆయనయే చేయుదురు. ఆమె కూర్చుండి వచ్చినవారి కష్టసుఖములు విచారించును. కార్తికము రాగానే మరల రెండు సంచులు సర్దుకొందురు.

ఈ యేర్పాటు అందరికిని చెల్లునని మేమనము. శరీరము సహకరింపనినాడు ఆ సంచులనెవరు మోయుదురో వారికే తెలియదు. కాని వారి ప్రయాణము ధర్మమా యని మమ్మిప్పుడడిగినచో, మా బదులు సిద్ధముగానున్నది. సొంతయిల్లు గలిగి, సంవత్సరమున కొక్కనికైనను తలుపు తెరువనివారు మా వీధిలో పెక్కుమంది కలరు. ఆ ప్రశ్న మొదట వారినడిగి, తరువాత ఆ దంపతులనడుగవలెను.