నలుగురు మోసిన పరుపు

ధ్యాన భాగము: మార్కు 2:1–12



కపెర్నహూములో పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొని యేసునొద్దకు తెచ్చిరి. గుంపు అడ్డమాయెను గనుక ఇంటికప్పు విప్పి పరుపును దించిరి. ప్రభువు ఆ మోసినవారి విశ్వాసమును చూచెను. వారిలో ముగ్గురు రాకపోయినయెడల ఏమగును? మిగిలిన యొక్కడు ఆ పరుపును ఎంతదూరము ఈడ్చుకొని పోగలడు?

మన సంఘములో ఒక తల్లి పండ్రెండేండ్లుగా అట్లు ఒంటరిగా ఈడ్చుచున్నది. ఆమె సెలవుతోనే ఇది వ్రాయుచున్నాను. ఆమె కుమారునికి మనోవ్యాధి. నెలనెల కూలి మానుకొని, తెల్లవారుజాము బస్సునకు కుమారుని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవును. మధ్యాహ్నమువరకు వరుసలో నిలుచును. రెండు ప్రశ్నలడిగి మాత్రలు వ్రాసియిత్తురు. "అమ్మా, నీకు నిద్రపట్టుచున్నదా?" అని ఆమెను అడుగువారు లేరు. నేనును అడుగలేదు. అంతకంటె ఘోరము, ఒక ఉపవాస ప్రార్థన ముగిసినప్పుడు, "ఇక మాత్రలేల? విశ్వసించుము" అంటిని. రెండు నెలలలో వ్యాధి తిరుగబెట్టెను. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. ప్రభువు నన్ను క్షమించునుగాక. చక్కెరవ్యాధికి మందు మ్రింగుట అవిశ్వాసము కానప్పుడు ఇదియు కాదు.

1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు మానసిక ఆరోగ్య కేంద్రమును స్థాపించి, రోగితోకూడ ఇంటివారును అచ్చటనే యుండు పద్ధతి పెట్టిరి. ఇంటివారును చికిత్సలో పాలివారని వారెరిగిరి. అదే తమిళనాడులో, ఏర్వాడియొద్ద ఒక ఆశ్రయగృహమున, 2001 ఆగస్టు 6న, గొలుసులతో కట్టబడియున్న రోగులు మంటలలో చిక్కి 28 మంది మరణించిరి. వారిని అచ్చట విడిచినవారిని మనము తీర్పు తీర్చవద్దు. ఒంటరిగా మోసి అలసిన చేతులు ఏమి చేయునో ఎవరెరుగుదురు? 2017 నాటి చట్టము రోగికి గొలుసు వేయుటను నిషేధించెను. అయితే అలసిన చేతికి తోడుపట్టుట చట్టమువలన కాదు. అది సంఘముయొక్క పని.

ఒకరు ఆమెకు తోడుగా ఆసుపత్రికి పొండి. ఒకరు ఆ కుమారునియొద్ద ఒక పూట కూర్చుండి తల్లిని నిద్రపోనిండి. "పిచ్చివాడు" అను మాట మన పిల్లల నోట రానీయకుడి. నడిరాత్రి దిక్కుతోచని ఇంటివారు 14416కు ఫోను చేయవచ్చును. అది ఉచితము, తెలుగులోను మాటలాడుదురు.

సువార్తలోని రోగి లేచి నడిచిపోయెను. కొందరి పరుపు మనము బ్రతికినంతకాలము మోయవలసినదే. ఈ పరుపునకు ఒక కొన తల్లి పట్టియున్నది. ఒక కొన ఇకమీదట నేను పట్టుదును. రెండు కొనలు మిగిలియున్నవి. ఎవరు వచ్చెదరు?

ఆమేన్.